మంచిమాట విన్నా మనిషి కదలడెందుకు?



ఇవాళ విత్తనం సంగతీ ఎరువు సంగతీ పక్కన పెట్టి, మనిషి సంగతి కాస్త మాట్లాడుకుందాం. నేలకు ఏం తక్కువైందో మట్టి పరీక్ష చేయించి తెలుసుకుంటున్నాం. పశువు మేత ముట్టకపోతే ఎందుకు ముట్టలేదా అని నోరు తెరిచి చూస్తాం. కాని పక్కనున్న మనిషి ఒక పని చేయకపోతే మాత్రం "వాడు సోమరి", "వాడికి ఎంత చెప్పినా ఎక్కదు" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ మాట అన్న తరువాత ఇక విచారించేదేమీ వుండదు. నష్టం అక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పత్తి వేసే రైతులు చాలాసార్లు విన్న మాటే ఇది. గులాబీరంగు కాయతొలుచు పురుగు అదుపులో వుండాలంటే డిసెంబరు దాటాక పత్తిని చేనులో వుంచకూడదు, కట్టె పీకేయాలి. తిండి దొరికినంత కాలం ఆ పురుగు తరం మీద తరం పెంచుకుంటూ పోతుంది గనుక. సభలో అందరూ తలలూపుతారు. సంక్రాంతి పోయి నెల దాటినా కొన్ని చేలల్లో కట్టె అట్లాగే నిలబడి వుంటుంది.

ఎందుకు? ఒకరికి ఆఖరి తీత పత్తి అమ్మితే గాని మందుల దుకాణం బాకీ తీరదు. ఇంకొకరికి బోరులో నీళ్ళు లేవు. చేను ఖాళీ చేసినా యాసంగికి వేసేదేమీ లేదు. మూడో ఆయన "నేనొక్కణ్ణి పీకితే ఏం లాభం? పక్క చేనోడు పీకడు గదా" అంటాడు. నాలుగో ఆయన కౌలుదారు; వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో వుంటుందో లేదో తెలియదు. నలుగురూ చేయని పని ఒక్కటే, కారణాలు మాత్రం నాలుగు. నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి మళ్ళీ అదే ఉపన్యాసం చెబితే ఒక్కరూ కదలరు. ఎవరి వెనక ఏ అవసరం వుందో కనుక్కుంటేనే మాటకు దారి దొరుకుతుంది.

అవసరాలు ఎన్ని రకాలు?

అమెరికాలో అబ్రహాం మాస్లో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1943లో ఒక వ్యాసం రాశాడు. మనిషిని కదిలించే అవసరాలను ఆయన ఐదు రకాలుగా విడదీశాడు. మన మాటల్లో చెప్పుకుంటే అవి ఇవి.

మొదటిది ఒంటి అవసరం: తిండి, నీళ్ళు, నిద్ర. రెండోది భద్రత: రేపు ఏమవుతుందోనన్న భయం లేకుండా వుండడం. భూమికి పట్టా, పంటకు బీమా, జబ్బు చేస్తే ఆదుకునే దిక్కు, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. మూడోది నావాళ్ళు అనే తోడు: ఇల్లు, వాడ, తండా, సంఘం. నాలుగోది గౌరవం: నలుగురిలో మాట చెల్లడం, తన పనికి విలువ వుండడం. ఐదోది తనలో వున్న శక్తిని పూర్తిగా బయటికి తేవాలనే కోరిక. మూడెకరాల రైతు ఒకాయన ఐదారు రకాల దేశవాళీ వడ్లను చిన్నచిన్న మళ్ళలో వేసి చూస్తుంటాడనుకోండి. "దీనివల్ల నీకేం వస్తుందే?" అంటే నవ్వి వూరుకుంటాడు. ఆ నవ్వు ఈ ఐదో అవసరానిది.

ఈ ఐదింటినీ చాలామంది మెట్లవరసగా చెబుతారు. కడుపు నిండితే గాని గౌరవం గుర్తు రాదని అంటారు. మాస్లో కూడా సాధారణంగా కింది అవసరం కొంత తీరితేనే పైది ముందుకు వస్తుందని చెప్పాడు. అయితే ఈ వరస అందరి విషయంలో బిగించినట్టు వుండదని ఆ వ్యాసంలోనే రాశాడు. ఈ రెండో మాటను మనం ఎక్కువగా గుర్తు పెట్టుకోవాలి. దానికి సాక్ష్యం మన జిల్లాలోనే వుంది.

నేటి జనగామ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు భూమి తీసుకుని సేద్యం చేసుకునేది. 1940 దశకంలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు ఆమె పంట మీదికి వచ్చారు. మెట్లవరస లెక్క ప్రకారం, పేద ఇంటి ఆడమనిషి తిండిగింజల కోసం తల వంచాలి, ప్రాణభయంతో వెనక్కు తగ్గాలి. ఆమె తగ్గలేదు. ఆంధ్ర మహాసభ కార్యకర్తల తోడుతో ఆ ధాన్యాన్ని ఇంటికి చేర్చుకున్నది. ఆమెకు ఆ వడ్లు అన్నమూ అయ్యాయి, గౌరవమూ అయ్యాయి. రెండింటినీ విడదీసి, ముందు ఇది, తరువాత అది అనడానికి వీల్లేదు. పేదవాడికి గౌరవంతో పనేమిటి, రెండు బస్తాలు ఇస్తే చాలు అనుకునేవాడు ఏ కాలంలోనైనా పొరబడతాడు.

భయం సోమరితనం కాదు

ఇప్పుడు భద్రత సంగతి చూద్దాం. పాత రకం విత్తనంతో ఎకరాకు ఏటా 8 క్వింటాళ్ళు తప్పకుండా వస్తాయనుకోండి. కొత్త పద్ధతిలో మంచి ఏడు 14, చెడ్డ ఏడు 4 వస్తాయనుకోండి. మంచి ఏడూ చెడ్డ ఏడూ సమానంగా వస్తే సగటు 9. కాగితం మీద కొత్తదే మేలు. పదెకరాలవాడు దిగుతాడు. చెడ్డ ఏడు వచ్చినా అతని ఇల్లు గడుస్తుంది. రెండెకరాలవాడికి ఆ చెడ్డ ఏడు ముందే వస్తే, సగటు లెక్క తేలేదాకా ఆ రెండెకరాలు అతని దగ్గర వుండవు. అంటే వద్దన్నవాడు కూడా లెక్క చూసుకునే వద్దన్నాడన్నమాట.

మహబూబాబాద్ వైపు మిర్చి రైతులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. 2021-22 పంటకాలంలో నల్ల తామరపురుగు పూతలో చేరి పీల్చేస్తే, వేలకు వేలు పెట్టుబడి పెట్టిన తోటలు కళ్ళముందే పోయాయి. ఆ దెబ్బ తిన్న రైతు తరువాతి ఏడు కొత్త మాట చెప్పినవారి ముఖం వంక అనుమానంగా చూశాడంటే తప్పు పట్టగలమా? పోడు భూమి సంగతీ అంతే. పట్టా లేని చేనులో ఎవరూ బావి తవ్వరు, గట్టు వేయరు, మామిడి మొక్క పెట్టరు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద హక్కు పత్రం చేతికి వచ్చినవారిని అడగండి, నేల మీద ఖర్చు పెట్టే ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో చెబుతారు.

అందుకని విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. కొత్త పద్ధతిని ఎకరాల లెక్కన చెప్పకండి, గుంటల లెక్కన చెప్పండి. "ఐదు గుంటల్లో వేసి చూడు, పోతే ఇంత పోతుంది, వస్తే ఇంత వస్తుంది" అని నష్టాన్ని ముందు చెప్పండి. నష్టం దాచి లాభం చెప్పినవారిని రైతు ఒక్క ఏడే నమ్ముతాడు.

ఒక్కరు వేసే మంట, ఊరంతా వేసే మంట

తోడు అనే అవసరం ఎంత బలమైనదో ఏనబావిలో కనిపిస్తుంది. అది జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలో యాభై చిల్లర కుటుంబాలున్న చిన్న పల్లె. 1990 దశకంలో అక్కడ ఎర్ర గొంగళిపురుగు బెడద వుండేది. తొలకరి వాన పడ్డాక భూమిలోంచి దాని రెక్కల పురుగులు రాత్రిపూట బయటికి వస్తాయి. వెలుతురుకు ఎగిరి వస్తాయి. ఆ రోజుల్లో చేల గట్ల మీద మంటలు వేస్తే వచ్చి పడి చస్తాయి. కాని ఒక్క రైతే మంట వేస్తే సరిపోదు. మిగిలిన చేలల్లో గుడ్లు పెడితే, పుట్టిన గొంగళ్ళు దండులాగా ఒక చేను నుంచి ఇంకో చేనుకు నడిచి వస్తాయి. అందరూ ఒకే రాత్రి మంట వేయాలి.

ఊరంతా కలిసి వేసి చూశారు, పురుగు తగ్గింది. జనగామలోని క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ, తరువాత హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రం వారికి తోడ్పడ్డాయి. ముందు పురుగుమందులు మానారు, ఆ తరువాత రసాయన ఎరువులు మానారు. 2006 నాటికి, సుమారు 280 ఎకరాల ఊరి భూమి మొత్తం మీద ఏ రసాయనమూ వాడబోమని ఊరే తీర్మానం చేసుకున్నది. దూరప్రాంతాల నుంచి జనం వచ్చి చూసిపోయారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఏమిటి? ఖర్చు తగ్గడం ఒక కారణం, అది నిజమే. కాని "నేనొక్కణ్ణే చేస్తే నవ్వుతారేమో" అనే బెరుకు పోయి, "ఊరు చేస్తోంది, నేనెట్లా వెనకబడతాను" అనే భావన వచ్చింది. చూడడానికి వచ్చినవారికి తన చేను చూపించి చెప్పే అవకాశం దొరికినప్పుడు రైతుకు కలిగే గౌరవం సబ్సిడీతో రాదు. పత్తి కట్టె సంగతిలో మూడో రైతు చెప్పిన అడ్డంకికి మందు కూడా ఇదే. ఒక్కొక్కరికి చెప్పడం కాకుండా, పక్కపక్క చేలవాళ్ళు పదిమందిని కూర్చోబెట్టి, ఫలానా వారంలో అందరం పీకుతామని వాళ్ళ చేతనే తేదీ పెట్టించండి. తేదీ మీరు పెడితే అది మీ తేదీ. వాళ్ళు పెడితే వాళ్ళది.

కూలి, లాభం, మాట తీరు

ఇక సంస్థల్లో పని సంగతికి వద్దాం. అమెరికాలోనే ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే ఆయన, తన సహచరులతో కలిసి, రెండు వందలమందికి పైగా ఇంజనీర్లనూ లెక్కల ఉద్యోగులనూ ప్రశ్నించి 1959లో ఒక పుస్తకం తెచ్చాడు. పని మీద విసుగు పుట్టించేవి వేరు, పని మీద ఉత్సాహం పుట్టించేవి వేరు అని ఆయన చెప్పిన సారం. జీతం తక్కువైనా, పైవారి తీరు బాగా లేకపోయినా, పనిచోటు సరిగా లేకపోయినా విసుగు పుడుతుంది. అవి సరిచేస్తే విసుగు పోతుంది; అంతమాత్రాన ఉత్సాహం రాదు. ఉత్సాహం రావాలంటే చేసిన పని ఫలించాలి, దాన్ని ఎవరైనా గుర్తించాలి, బాధ్యత చేతికి రావాలి. ఈ విభజన అన్నిచోట్లా ఇంత ఖచ్చితంగా వర్తించదని తరువాత చాలామంది పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. అయినా మనం చూసేదానికి చాలావరకు సరిపోతుంది.

నాట్ల కాలంలో కైకిలికి వచ్చే అక్కలనే చూడండి. కూలి ఇద్దరు రైతులూ ఒకటే ఇస్తారు. కాని ఒకరి పొలానికి చెప్పిన పూటకు గుంపు దిగుతుంది. ఇంకొకరికి "రేపు వస్తం, ఎల్లుండి వస్తం" అంటారు. మొదటాయన కూలి డబ్బు సాయంత్రానికి లెక్కపెట్టి ఇస్తాడు, మంచినీళ్ళు తెచ్చి పెడతాడు, "నాటు మంచిగ పడ్డదమ్మా" అంటాడు. రెండో ఆయన గట్టు మీద నిలబడి అదిలిస్తాడు. కూలి ఒకటే అయినా పని ఒకటి కాదు.

భూపాలపల్లిలో సింగరేణి భూగర్భ గనులున్నాయి. ఆ కంపెనీ 1999-2000 ప్రాంతం నుంచి లాభంలో కార్మికులకు వాటా ఇస్తూ వస్తున్నది. మొదట 10 శాతం. 2023-24 సంవత్సరపు లాభంలో 33 శాతం అని 2024 సెప్టెంబరులో ప్రకటించారు. అప్పుడే మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా 5,000 రూపాయలు ఇచ్చారు. లాభంలో వాటా మంచిదే; సంస్థ నాది అన్న భావనకు అది పునాది. అయితే అది ఏడాదికి ఒకసారి వచ్చేది. భూమి కిందికి దిగే మనిషికి రోజూ కావలసింది పైకప్పు భద్రంగా వుందన్న నమ్మకం, ప్రమాదం అనిపిస్తే ఆ మాట చెప్పే స్వేచ్ఛ, చెప్పినప్పుడు వినే పైవాడు. మీ పాలసంఘానికైనా, రైతు ఉత్పత్తిదారుల సంఘానికైనా ఇదే వర్తిస్తుంది. ఏడాది చివర బోనసు ఇచ్చి, ఏడాదంతా సభ్యుణ్ణి వాకిట్లో నిలబెడితే సంఘం నిలవదు.

కాకినాడలో జరిగిన పరీక్ష

ఇక్కడ మన జిల్లాలు దాటి ఒక్కసారి కాకినాడ వెళ్ళి వద్దాం. పని సాధించాలనే పట్టుదల మనిషికి పుట్టుకతోనే రావాలా, నేర్పితే వస్తుందా అనే ప్రశ్నకు తెలుగునేల మీదనే పెద్ద పరీక్ష జరిగింది. డేవిడ్ మెక్లెలాండ్ అనే అమెరికా ఆచార్యుడు 1964-65లో కాకినాడకు చెందిన చిన్న వ్యాపారస్థులు 52 మందిని హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు రప్పించి, సుమారు పదిరోజుల చొప్పున శిక్షణ ఇప్పించాడు. అక్కడ వాళ్ళకు అప్పులూ ఇవ్వలేదు, యంత్రాలూ ఇవ్వలేదు. మరీ సులువూ కాకుండా, అందరానిదీ కాకుండా తనకు తగిన లక్ష్యం పెట్టుకోవడం, ఎంతవరకు వచ్చామో తామే లెక్క రాసుకోవడం, తమలాంటి వారితో కలిసి మాట్లాడుకోవడం నేర్పారు. పోల్చి చూడడానికి రాజమండ్రి వ్యాపారస్థులను తీసుకున్నారు.

తరువాత రెండేళ్ళు గమనిస్తే, కొత్త పెట్టుబడులకూ కొత్త పనులకూ చొరవ చేసినవారు శిక్షణ పొందినవారిలో దాదాపు రెట్టింపు వున్నారు. కులం, పూజలు, ఆచారాలు ఇందుకు అడ్డు రాలేదు. ఇంకొక సంగతి కూడా తేలింది. తన వ్యాపారంలో తానే నిర్ణయం చేసుకోగలిగినవారికే ఆ శిక్షణ బాగా పనికొచ్చింది. నిర్ణయం ఇంకొకరి చేతిలో వున్నవారిలో పుట్టిన ఉత్సాహానికి పని దొరకలేదు.

ఈ చివరి మాట మన సంఘాలకు చాలా అవసరం. మహిళా సంఘంలో అక్కలకు శిక్షణ ఇస్తాం, రైతువేదికలో సమావేశం పెడతాం. కాని తీర్మానం ముందే రాసి తెచ్చి, వేలిముద్రలూ సంతకాలూ పెట్టించుకుంటే ఆ శిక్షణ అంతా గాలికి పోయినట్టే. మన పొరుగున, నేటి హనుమకొండ జిల్లాలో, ములుకనూరు సహకార సంఘం 1956లో మొదలై తరాలు దాటి నిలిచింది. ఆ ప్రాంతంలోనే 2000లో మహిళలు తమ పాల సహకార సంఘం పెట్టుకున్నారు. పొదుపు మాది, అప్పు మాది, లెక్క మాది అని సభ్యులు అనుకోగలిగారు గనుకనే అటువంటి సంఘాలు నిలుస్తాయి.

గౌరవం దెబ్బ తిన్నప్పుడు

ఇప్పుడు చెప్పబోయేది కష్టమైన సంగతి, అయినా చెప్పుకోక తప్పదు. 1997-98లో పత్తి పంట పురుగుకు పోయినప్పుడు అప్పటి వరంగల్ జిల్లాలో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నేటి ఈ మూడు జిల్లాల్లో చాలా భాగం అప్పుడు ఆ జిల్లాలోదే. ఆ తరువాత కూడా అటువంటి వార్తలు ఆగలేదు. అప్పు, పంట నష్టం వెనకనున్న కారణాలు. వాటికి రుణం, ధర, బీమా వంటివే మార్గాలు, మాటలతో అవి తీరవు. కాని అప్పు వున్న ప్రతి మనిషీ అంత దూరం పోడు. అప్పులవాళ్ళు వాకిట్లోకి వచ్చి నలుగురి ముందు అన్న మాట, ఇక ముఖం చూపించలేనన్న తలపు, చెప్పుకోవడానికి ఎవరూ లేరన్న ఒంటరితనం కలిసినప్పుడు మనిషి కుంగిపోతాడు. భద్రత, తోడు, గౌరవం మూడూ ఒకేసారి పోయినట్టు అతనికి తోస్తుంది.

కాబట్టి పంట పోయిన ఇంటికి వెళ్ళినప్పుడు "నేను ముందే చెప్పలేదా" అనకండి. ఆ మాట ఒక్కటి నాలుకదాకా వచ్చినా మింగేయండి. మనిషి పలకడం తగ్గించినా, చేనుకు పోవడం మానినా, తిండి నిద్ర తప్పినా పక్కింటివారు కనిపెట్టాలి. "అన్నా, ఏందో మనసులో పెట్టుకున్నవు, చెప్పు" అని కూర్చోవాలి. అప్పు తీర్చలేకపోయినా, అప్పులవాళ్ళ దగ్గరికి తోడుగా పోయి గడువు అడగవచ్చు. ఒంటరిగా వదలకండి. 14416 కు ఫోను చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ సేవలో తెలుగులోనే, ఉచితంగా, పగలైనా రాత్రైనా మాట్లాడతారు. సహాయం అడగడం చిన్నతనం కాదు. ఎడ్లబండి బురదలో దిగబడితే నలుగురిని పిలవమా?

ఆచరణలో పెట్టవలసినవి

చివరగా కొన్ని సంగతులు గుర్తు పెట్టుకోండి. ఎవరైనా మీ మాట వినలేదనిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇతను దేనికి భయపడుతున్నాడు? ఇతనితో ఎవరున్నారు? ఇందులో ఇతని మాటకు చోటెక్కడ? జవాబు మీరు ఊహించకండి, అతన్నే అడగండి.

సంఘం నడిపేవారు లెక్కల పుస్తకం బల్ల మీద పెట్టండి, ఎవరు అడిగినా చూపించండి. పాలు పోసిన డబ్బు చెప్పిన తేదీకి ఇవ్వండి. సమావేశంలో చివర కూర్చున్నవారిని ముందు మాట్లాడనివ్వండి. మంచి పని చేసినవారి పేరు అందరి ముందూ చెప్పండి. తప్పు చేసినవారితో పక్కకు పిలిచి మాట్లాడండి. బాధ్యత ఇచ్చినప్పుడు దానికి తగిన అధికారం కూడా ఇవ్వండి.

రైతులు కూడా ఇంట్లో ఇదే చూసుకోవాలి. పొలంలో సగం పని చేసే ఇల్లాలినీ, చదువుకుని వచ్చిన కొడుకునీ బిడ్డనీ ఏ విత్తనం వేద్దామని అడుగుతున్నామా? ఒక మడైనా వాళ్ళ ఇష్టానికి వదిలి చూడండి. నీరు పెట్టమని ఆ మడి గురించి మీరు మళ్ళీ వాళ్ళకు చెప్పవలసిన పని వుండదు.